అయ్యింది సరే... ఎంత అయ్యింది?

ప్రతి ఏడూ ఫిబ్రవరి ఆఖర్లో మా మేనేజరుగారికి నేను గుర్తొస్తాను. కొత్త ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ వేసుకోవాలి కదా! "ఏవయ్యా, ఈ ఏడు కూడా డిస్కులు కొనిపిస్తావా మాచేత?" అని నవ్వుతూనే అడుగుతారు. నేను తల గోక్కుంటూ ఏదో ఒక అంకె చెప్తాను. ఆయన దాన్ని సగం చేస్తారు. అలా గడిచిపోయేది.

ఈసారి మాత్రం పట్టుబట్టారు. "నోటిమాట కాదు. ఎంత కొన్నాం, ఎంత వాడాం, ఇంకెన్నాళ్ళు వస్తుంది... ఒక కాగితం మీద రాసుకురా" అన్నారు.

నేను పనిచేసేది ఒక ఆసుపత్రిలో, కంప్యూటర్ల విభాగంలో. డాక్టర్లు రోగుల్ని చూసుకుంటారు, నేను ఆ డాక్టర్ల కంప్యూటర్లని చూసుకుంటాను. ఇప్పుడు ఎక్స్‌రేలు, సీటీలు, ఎమ్మారైలు అన్నీ ముందు సర్వర్‌లోకే వెళ్తాయి. డాక్టరుగారు తన గదిలో కూచుని తెర మీదే చూస్తారు. ఫిల్ము కావాలంటే విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. చాలామంది తీసుకోరు. ఒక్క సీటీ స్కాన్ అంటేనే వందల బొమ్మలు. అన్నీ కలిపి మా దగ్గర రోజుకి 12 జీబీ దాకా పోగవుతుంది. రాత్రి 11 గంటలకి అదంతా ఇంకో సర్వర్‌లోకి నకలు అవుతుంది. అదే బ్యాకప్ సర్వర్. అసలుది పాడైపోయినా, ఎవరైనా పొరపాటున చెరిపేసినా మాకు దిక్కు అదే.

ఆ సర్వర్ గురించి ఒక కాగితం రాయమంటే నాకు పెద్ద పని అనిపించలేదు. బ్యాకప్ సర్వర్ తన లెక్క తనే రాసుకుంటుంది. ఏ రోజు ఎన్నింటికి మొదలెట్టింది, ఎన్నింటికి ముగించింది, ఎన్ని ఫైళ్ళు చూసింది, కొత్తగా ఎంత తెచ్చుకుంది, ఎంత వేగంతో తెచ్చుకుంది, ఇంకా ఎంత ఖాళీ ఉంది, అన్నీ దాని దగ్గర ఉంటాయి. మనం అడగాలి, అంతే. అసలు కథంతా ఆ 'అడగడం' దగ్గరే ఉందని నాకప్పుడు తెలీదు.

* * *

నేను చేరిన కొత్తలో ఆ పని చూసే పెద్దాయన ఒకరుండేవారు. అంతకుముందు ఏదో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారట. అందుకని అందరం మాస్టారూ అనేవాళ్ళం. అప్పట్లో బ్యాకప్ టేపుల మీదకి వెళ్ళేది. ఎల్‌టీఓ-4 అని, ఒక్కో టేపుకి 800 జీబీ పట్టేది. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పులు గది బయట విడిచి, టేపు మార్చి, బల్ల సొరుగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసేవారు. స్కేలుతో గీతలు కొట్టిన పుస్తకం. తేదీ, మొదలైన టైము, ముగిసిన టైము, కొత్తగా ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. చివర్లో పొట్టి సంతకం.

"మాస్టారూ, ఇదంతా సిస్టమ్‌లోనే ఉంటుంది కదండీ, మళ్ళీ చేత్తో రాయడం ఎందుకు?" అని అడిగానొకసారి.

"ఉంటుందబ్బాయ్. కానీ రాస్తేనే నేను చూస్తాను" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. పాతకాలం మనిషి అనుకున్నాను.

ఆ పుస్తకం విలువ ఒకసారి కళ్ళారా చూశాను కూడా. అప్పట్లో ఆదివారం రాత్రి 1 టీబీ దాకా పూర్తి బ్యాకప్ నడిచేది. మధ్యలో టేపు మార్చుకోవాలి. రాత్రి 11కి మొదలైతే ఒంటిగంటన్నరకి అయిపోయేది. ఒక వారం మాత్రం సోమవారం ఓపీ మొదలయ్యే టైముకి కూడా నడుస్తూనే ఉంది. కౌంటర్లలో కంప్యూటర్లు నత్తనడక. రిసెప్షన్ అమ్మాయిలు ఫోన్ల మీద ఫోన్లు. నేను సర్వర్ పాతబడిందన్నాను. వైరస్ అన్నారు ఇంకొకరు. మాస్టారు పుస్తకం తీసి, గత మూడు ఆదివారాల లెక్క చూసి, వేలితో గుణించుకుని, "ఇది సరిగ్గా పదోవంతు వేగం. కేబుల్ చూడు" అన్నారు.

గిగాబిట్ లైను మీద సెకనుకి 110 ఎంబీ దాకా వెళ్తుంది. అదే లైను 100 మెగాబిట్‌కి పడిపోతే 11 ఎంబీ. రెండున్నర గంటల పని పాతిక గంటలవుతుంది. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ నిచ్చెన పెట్టి ఆ కేబుల్‌ని నలిపేశాడు. ఒక జత తెగింది. లైను పూర్తిగా ఆగిపోలేదు. నోరు మూసుకుని మెల్లగా నడిచింది. కేబుల్ ఖరీదు వంద, నూటయాభై రూపాయలు. పుస్తకంలో ముందు వారాల టైము లేకపోతే మేం కొత్త సర్వర్ కొనిపించేవాళ్ళమే!

అంత చూసీ నాకు బుద్ధి రాలేదు. మాస్టారు రిటైరయ్యారు. టేపులు పోయి డిస్కులతో కొత్త బ్యాకప్ సర్వర్ వచ్చింది. రోజూ ఉదయం ఆరింటికి నా ఫోన్‌కి మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. అందులో ఆకుపచ్చ రంగులో ఒకే ఒక్క మాట: 'విజయవంతం'. పళ్ళు తోముకుంటూ అది చూసి ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ణి. నోట్‌బుక్ సొరుగులోనే ఉండిపోయింది.

* * *

సరే, కాగితం సంగతి. సర్వర్‌ని అడిగి అంకెలు తీశాను. ముందు మొత్తం చోటు. మేం కొన్నది 16 టీబీ. సర్వర్ చూపించింది 14.5.

అది చూడగానే మేనేజరుగారు, "16 కొన్నాం కదయ్యా, మిగతాది ఎవరు తిన్నారు?" అన్నారు.

ఎవరూ తినలేదు. డిస్కు అమ్మేవాడు వెయ్యితో లెక్కేస్తాడు, చాలా సర్వర్లు 1024తో లెక్కేస్తాయి. బైట్ల నుంచి టెరాబైట్ దాకా నాలుగు మెట్లు. మెట్టు మెట్టుకీ ఆ 24 తేడా పడుతూ వచ్చి చివరికి నూటికి తొమ్మిది దాకా తగ్గుతుంది. ఈ గందరగోళం పోవాలనే 1998లో 1024 లెక్కకి టెబిబైట్ అని వేరే పేరు పెట్టారు. కానీ ఆ పేరు పలికేవాళ్ళు తక్కువ. సేరు, శేరు అని ఊరికో కొలత ఉన్న రోజుల్లో లాగే ఉంది వ్యవహారం.

రెండో అంకె ఇంకా వింతగా ఉంది. దాచిన బ్యాకప్‌ల మొత్తం సైజు: 372 టీబీ.

"16 కొంటే 372 పట్టిందా? అయితే ఇంక కొనక్కర్లేదుగా!" అన్నారాయన.

దానికీ లెక్కుంది. మా దగ్గర 60 రోజుల బ్యాకప్‌లు ఉంటాయి. రోజుకొకటి, ఒక్కోటీ 6.2 టీబీ. గుణిస్తే 372. కానీ నిన్నటి బ్యాకప్‌కీ ఇవాళ్టిదానికీ తేడా కొంచెమే. ఇప్పటి సర్వర్లు ప్రతి ఫైలునీ చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒకసారి దాచిన ముక్కని మళ్ళీ దాచవు. ఆ ముక్క ఫలానా చోట ఉంది అని గుర్తు రాసుకుంటాయి. పెళ్ళి శుభలేఖలు వెయ్యి అచ్చు వేయించినా అచ్చు దిమ్మ ఒకటే ఉన్నట్టు. అందుకే 372 అని కనిపించినా నిజంగా ఆక్రమించింది 7 టీబీ చిల్లర. యాభై రెట్లు ఆదా.

చెరిపినప్పుడు కూడా అంతే. పాత బ్యాకప్ ఒకటి తీసేస్తే 6.2 టీబీ ఖాళీ అవుతుందనుకుంటాం. అవదు. ఆ ముక్కల్ని ఇంకే బ్యాకప్పూ వాడుకోవడం లేదని తేల్చుకున్నాకే సర్వర్ వాటిని ఊడ్చేస్తుంది. ఆ ఊడ్పు పని వేరే టైములో జరుగుతుంది. అప్పటిదాకా ఖాళీ చోటు అంకె కదలదు.

ఇవన్నీ వివరిస్తూ నేనూ కాస్త హుషారు తెచ్చుకున్నాను. గ్రాఫ్ తీశాను. సంవత్సరం గీత. మెల్లగా పైకి ఎక్కుతూ వచ్చి, చివర్లో కాస్త వాలి, చదునుగా అయింది. ఆదా అంకె మాత్రం నెల కిందటికన్నా మెరుగైంది.

"చూశారా సార్, వాడకం తగ్గింది. ఆదా పెరిగింది. ఈ ఏడు కొనక్కర్లేదు" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంత మంచి కబురు నీ నోటినుంచి ఎప్పుడూ వినలేదయ్యా. కాగితం ఫైర్ కాపీ చేసి రేపు ఇవ్వు" అన్నారు.

* * *

ఆ సాయంత్రం కాగితం టైపు చేస్తుంటే చెయ్యి ఆగింది. వాడకం ఎందుకు తగ్గింది? ఆసుపత్రిలో రోగులు తగ్గారా? పొద్దున వస్తే పార్కింగ్‌లో బండి పెట్టడానికి చోటు ఉండటంలేదు. ఎమ్మారై దగ్గర రాత్రి తొమ్మిదింటికి కూడా జనం. మరి బొమ్మలు ఎక్కడికి పోతున్నట్టు?

సంవత్సరం గీత చూస్తే ఏం తెలీదు. అలాంటి గ్రాఫ్‌లు చాలావరకు 1999లో స్విట్జర్లాండ్‌కి చెందిన టోబీ ఓటికర్ రాసిన ఆర్‌ఆర్‌డీటూల్ పద్ధతిలో నడుస్తాయి. లెక్కలు దాచే ఫైలు ఎప్పటికీ పెరగకుండా, పాత అంకెల్ని కలిపి సగటు చేసేస్తుంటుంది. దూరం నుంచి చూస్తే గుంటలూ మిట్టలూ ఒకటే అయిపోతాయి. అందుకని రోజువారీ చిట్టా తీశాను. మాస్టారి పుస్తకంలో ఉండే గళ్ళే, ఈసారి తెర మీద.

జనవరి 13, కొత్తగా 11.6 జీబీ. జనవరి 14, 4 జీబీ. పండగ కదా. 15, 3.8. తర్వాత, జనవరి 16 రాత్రి నుంచి... సున్నా. సున్నా. సున్నా. అలా ఫిబ్రవరి 25 దాకా. నలభై ఒక్క రాత్రులు. ప్రతి వరస చివరా ఆకుపచ్చ రంగులో 'విజయవంతం'. ఫైళ్ళ సంఖ్య కూడా అన్ని రోజులూ ఒకటే, ఒక్క అంకె తేడా లేకుండా. యాభై నిమిషాలు పట్టే పని ముప్పై నిమిషాలకే అయిపోయింది, ఆ నలభై ఒక్క రోజులూ.

ఏసీ గదిలో చెమట పట్టడం అంటే ఏమిటో ఆవేళ తెలిసింది.

ఏం జరిగిందో అర్థం కావడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సంక్రాంతి సెలవుల్లో రద్దీ తక్కువ ఉంటుందని, కనుమనాడు స్కాన్ బొమ్మల్ని పాత స్టోరేజీ పెట్టె నుంచి కొత్తదానిలోకి మార్చాను. నేనే మార్చాను. డాక్టర్ల కంప్యూటర్లన్నిటికీ కొత్త దారి చూపించాను. బ్యాకప్‌కి మాత్రం చూపించడం మర్చిపోయాను. ఎందుకైనా మంచిదని పాత పెట్టెని ఆపకుండా అలాగే ఉంచాను. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. అది ఆపేసి ఉంటే మర్నాడే ఎర్ర మెయిల్ వచ్చేది. బతికే ఉంది కాబట్టి బ్యాకప్ సర్వర్ రోజూ రాత్రి దాని దగ్గరికి వెళ్ళి, "కొత్తవేమైనా ఉన్నాయా?" అని అడిగి, "లేవు" అంటే, "సరే, పని అయ్యింది" అని తిరిగొచ్చేది. అది అబద్ధం చెప్పలేదు. చెప్పిన పని చేసింది. చేసినట్టు చెప్పింది.

ఆదా అంకె ఎందుకు మెరుగైందో కూడా అప్పుడర్థమైంది. కొత్తది ఒక్క ముక్కా చేరకుండా పాతవే మళ్ళీ మళ్ళీ లెక్కలోకి వస్తుంటే ఆదా పెరక్కేం చేస్తుంది? ఏ అంకె చూసి నేను మురిసిపోయానో అదే జబ్బు లక్షణం.

అప్పటికప్పుడు దారి సరిచేసి బ్యాకప్ మొదలెట్టాను. కొత్త చోటు కాబట్టి ఒకసారి మొత్తం చదవాలి. 6 టీబీ పైన, సెకనుకి 110 ఎంబీ. పదహారు గంటలు. ఇంటికి ఫోన్ చేసి రాను అని చెప్పాను. ఆ రాత్రంతా ఆ గదిలో కుర్చీలో కూచుని, ఈ ఒక్క రాత్రి కొత్త పెట్టెకి ఏమీ కాకూడదని వేడుకున్నాను. నలభై ఒక్క రోజుల బొమ్మలు, దాదాపు 500 జీబీ, ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ఆ రాత్రి నిద్ర రాక ఒక పాత సంగతి మళ్ళీ చదివాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు రాత్రివేళ అలసటలో, ఒక సర్వర్‌లో చెరపాల్సింది ఇంకో సర్వర్‌లో చెరిపేశాడు. 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది దాచే చోట ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ ఒకటి, డేటాబేస్ వెర్షన్ ఒకటి కావడంతో అది పనే చేయలేదు. చేయలేదని చెప్పే మెయిళ్ళు కూడా దారిలోనే తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఇంకో పని కోసం తీసుకున్న నకలు ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో జరిగిన పని మాత్రం పోయింది. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, ఏం జరిగిందో ఆ కంపెనీయే దాచకుండా లోకానికంతటికీ రాసి పెట్టింది. ఆ దాచే చోట ఎంత బరువుందో అంతకుముందు ఎవరైనా ఒక్కరోజు చూసి ఉంటే తెలిసిపోయేది. చూడలేదు. నాలాగే.

మర్నాడు మధ్యాహ్నం దాటాక బ్యాకప్ ముగిసింది. కొత్తగా చేరింది 490 జీబీ పైన. హమ్మయ్య, ఏమీ పోలేదు అనుకున్నాను. ఇంటికెళ్ళి పడుకున్నాను.

* * *

మూడు రోజులయ్యాక స్కానింగ్ టెక్నీషియన్ కుర్రాడు గదిలోకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అన్నా, ఒక ఎమ్మారై బ్యాకప్‌లోంచి తీసిపెట్టవా? ఫిబ్రవరి మొదటి వారంది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఇద్దరున్నారు. రెండుసార్లు ఎక్కిందేమో అనుకుని ఒకటి చెరిపేశానన్నా. ఇప్పుడు ఆవిడ వచ్చి డాక్టరుగారి దగ్గర కూచుంది."

"ఎప్పుడు చెరిపావు?"

"పన్నెండు రోజులైందన్నా."

వాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. స్కాన్ తీసిందీ, చెరిపిందీ రెండూ ఆ నలభై ఒక్క రోజుల గుంటలోనే పడ్డాయి. మెషీన్‌లోనే ఉండే కాపీ చూశాం. అక్కడ చోటు నిండితే పాతవి వాటంతటవే పోతాయి. పోయాయి.

ఆవిడకి నడుం నొప్పి. కాలు తిమ్మిరెక్కుతోంది. రిపోర్టు కాగితం ఉంది. కానీ ఆపరేషన్ అవసరమా కాదా తేల్చాలంటే నరం ఎక్కడ, ఎంత నొక్కుకుందో బొమ్మ తన కళ్ళతో చూడాలి అన్నారు డాక్టరుగారు. ఫిల్ము తీసుకోలేదు. దానికి వేరే డబ్బని.

పైవాళ్ళు, "మెషీన్ ప్రాబ్లం అని చెప్పండి. మళ్ళీ ఉచితంగా తీసేద్దాం" అన్నారు. అది తేలికే. కానీ నాకు మనసొప్పలేదు. కిందికి వెళ్ళాను. వరండాలో బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూచుని ఉందావిడ. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో ప్లాస్టిక్ సంచిలో మజ్జిగ సీసా. పక్కన కొడుకు.

"అమ్మా, మీ స్కాన్ బొమ్మ పోయింది. మెషీన్‌ది కాదు తప్పు. దాన్ని ఇంకోచోట దాచే పని నాది. నేను సరిగ్గా చూసుకోలేదు. మళ్ళీ తీయించుకోవాలి" అన్నాను.

కొడుకు లేచి నిలబడ్డాడు. "అంటే ఏంటండీ? పొద్దున ఐదింటి బస్సుకి బయల్దేరాం. ఈవిడ కూచోలేదు, నిలబడలేదు..." అని గొంతు పెంచాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టి కూచోబెట్టింది.

"మళ్ళీ డబ్బులు కట్టాలా బాబూ?"

"వద్దమ్మా. ఒక్క రూపాయి కూడా వద్దు."

కాసేపు నన్నే చూసింది. "తీసి మూడు వారాలైంది గదా. పోయిందని ఇయ్యాల్టిదాకా తెలవలేదా మీకు?"

"తెలవలేదమ్మా."

"మేం పాలకేంద్రంలో పాలు పోస్తే అక్కడికక్కడే చీటీ ఇస్తారు నాయనా. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అని. చీటీ చూసుకోకుండా క్యాను ఇంటికి పట్టుకురాం. పోశాం గదా అని ఊరుకుంటే ఎట్టా?"

ఆవిడ నన్ను తిట్టలేదు. తెలీక అడిగింది. నాకు తిట్టినా అంత తగిలేది కాదు.

ఎమ్మారైకి సాయంత్రం ఆరున్నరకి ఖాళీ దొరికింది. ఆ టైముకి స్కాన్ అంటే వాళ్ళ ఊరి ఆఖరి బస్సు పోతుంది. రాత్రికి వాళ్ళిద్దరికీ అటెండర్ల గదిలో పడక ఏర్పాటు చేయించాను. మెషీన్ మీద అరగంట పైగా కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. నడుం నొప్పి ఉన్న మనిషికి అది ఎంత నరకమో గాజు తలుపు ఇవతల నిలబడి చూశాను. ఒకసారి పడాల్సిన బాధ ఆవిడ రెండుసార్లు పడింది. ఆ రెండోసారిది నా ఖాతాలో ఉంది.

బొమ్మలు సర్వర్‌లోకి చేరగానే రాత్రిదాకా ఆగకుండా అప్పుడే బ్యాకప్ నడిపించాను. ఈసారి 'విజయవంతం' అన్న మాట చూడలేదు. బ్యాకప్‌లోంచి ఆవిడ స్కాన్‌ని వెనక్కి తీసి, తెరిచి, బొమ్మలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మర్నాడు డాక్టరుగారు చూసి ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, మందులూ వ్యాయామమూ చూద్దాం అన్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ నా వైపు తిరిగి, "ఈసారి చీటీ తీసుకున్నావా బాబూ?" అంది. తీసుకున్నానమ్మా అన్నాను.

* * *

ఆ ఆదివారం మాస్టారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయ్యింది అని చెప్పడం దాని పనబ్బాయ్. ఎంత అయ్యింది అని అడగడం నీ పని" అన్నారు చివరికి. తర్వాత, "నా పుస్తకం ఉందా, పారేశావా?" అని అడిగారు.

"ఉంది మాస్టారూ. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి."

"మరింకేం!"

మేనేజరుగారికి ఇచ్చిన కాగితంలో మొదటి పేరాలోనే నా తప్పు రాశాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మంచి కబురు అనుకున్నానయ్యా" అన్నారు. కోప్పడ్డారు కూడా, ఎందుకు కోప్పడరు? కానీ డిస్కుల కోసం వేసిన అంకెని ఈసారి సగం చేయలేదు.

ఇప్పుడు నాలుగు అంకెలు చూస్తాను రోజూ. కొత్తగా ఎంత చేరింది, ఎన్ని ఫైళ్ళు, ఎంతసేపు పట్టింది, ఎంత ఖాళీ ఉంది. ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. కొత్తగా చేరింది మామూలులో సగం కన్నా తగ్గినా, రెట్టింపు కన్నా పెరిగినా ఎర్ర మెయిల్ వస్తుంది. సున్నా అయితే ఫోనే మోగుతుంది. ఆకుపచ్చ మెయిల్ మానేశాను, దానితో పని లేదు. నెలకోసారి కళ్ళు మూసుకుని ఏదో ఒక పాత స్కాన్ ఎంచుకుని, వెనక్కి తీసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తాను. దాచడం సగం పనే, తిరిగి రావడం మిగతా సగం. డాక్టరుగారి ఎదురుగా రోగి కూచుని ఉన్నప్పుడు ఆ నిమిషాలకి కూడా లెక్క ఉంటుంది.

ఇదంతా ఆసుపత్రుల గొడవ, మాకెందుకులే అనుకోకండి. మీ ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్ తెరిచి, చాట్స్‌లో బ్యాకప్ అన్నచోట చూడండి. చివరిసారి ఎప్పుడు అయ్యిందో తేదీ, ఎంత అయ్యిందో సైజు రెండూ ఉంటాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి ఎన్ని నెలల కిందట ఆగిపోయిందో చాలామందికి తెలీదు. మా ఇంట్లో చూస్తే మా ఆవిడ ఫోన్‌లో అది ఆగిపోయి ఏడు నెలలైంది. పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులోనే ఉన్నాయి. పరాయివాళ్ళకి చెప్పేముందు ఇంట్లో చూసుకోవాల్సింది.

మాస్టారి పుస్తకంలో ఆయన ఆఖరి సంతకం కింద ఒక గీత గీసి, ఆ కింది వరస నుంచి నా రాత మొదలైంది. ఆయన రాతలా గుండ్రంగా ఉండదు నాది. ఇవాళ పొద్దున రాసింది ఇది: కొత్తగా 12.3 జీబీ. పట్టింది 52 నిమిషాలు. ఖాళీ 6.8 టీబీ. చూశాను. కింద పొట్టి సంతకం.